కత్తిరించిన చోట ఏముంది?

స్క్రాప్‌బుక్ మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందు దుకాణానికి పరిగెడతారు. రంగుల కాగితాలు, అంచులు వంకీలుగా కోసే కత్తెర, పూల స్టిక్కర్లు, మెరుపు టేపులు కొనుక్కొస్తారు. అవన్నీ బల్ల మీద పరిచాక, అతికించాల్సిన ఫోటోలో ఉన్నది ఎవరో తెలీక తల పట్టుకుంటారు. నన్నడిగితే ముందు ఒక పెన్సిలు కొనుక్కోమంటాను. మెత్తటిది, 2బీ చాలు. ప్రతి ఫోటో వెనకా ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అని రాయాలి. బాల్‌పెన్నుతో రాస్తే ఆ గీతలు ముందువైపుకి ఉబ్బుతాయి, సిరా ఏనాటికో ఊరి ముఖాల మీదికొస్తుంది. పెన్సిలుతో ఆ పేచీ లేదు. కత్తెర, జిగురు, కంప్యూటరు అన్నీ ఆ తర్వాతే.

ఈ వరస నేను ఊరికే పెట్టలేదు. సంస్కృతం చెప్పి రిటైరైన మనిషిని. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం తర్కసంగ్రహం. అది రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే, పదిహేడో శతాబ్దం వాడు. కాశీకి వెళ్ళొచ్చినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఒక నానుడి కూడా ఉంది. కొత్తగా తర్కంలో అడుగుపెట్టే పిల్లలకి సులువుగా ఉండాలని రాసిన చిన్న పుస్తకం అది. అమ్మ పోయాక ఆవిడ ట్రంకుపెట్టె ముందు కూర్చున్నప్పుడు, అందరూ చదవమని చెప్పిన గీత కన్నా ఆ పిల్లల పుస్తకమే నాకు ఎక్కువ అక్కరకొచ్చింది.

పెట్టెలో ఏమున్నాయంటే: నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖలు. వారపత్రికల్లోంచి చింపి, వరసగా పెట్టి కుట్టించిన సీరియళ్ళు; ఇప్పుడు పేజీ తిప్పితే అంచు విరుగుతుంది. పాత రేషన్ కార్డు. సినిమా పాటల పుస్తకాలు. అన్నిటికన్నా విలువైనవి పంచాంగాలు. అమ్మకి డైరీ అలవాటు లేదు గాని పంచాంగం అంచుల్లో రాసేది. పాలవాడికి ఇచ్చిన డబ్బు, గ్యాసు బండ వచ్చిన రోజు, తమ్ముడికి తట్టు పోసిన రోజు, ఆవకాయ పెట్టిన రోజు, అన్నీ తిథి పక్కనే. తెలుగింట్లో స్క్రాప్‌బుక్ అనే మాట తెలీకముందు నుంచీ ఆ పని చేస్తూ వచ్చినది పంచాంగమేనని నా నమ్మకం.

లేనివేమిటో కూడా చెప్పాలి. ఒక్క చావు కబురు కార్డు కూడా లేదు. వెనకటి రోజుల్లో ఆ కార్డు చదివి అక్కడికక్కడే చింపేసేవారు, స్నానం చేసిగాని లోపలికి వచ్చేవారు కాదు. అందుకే మన ఇళ్ళలో దాచిన కాగితాలు చూస్తే అందరూ పెళ్ళాడినట్టూ, ఎవరూ పోనట్టూ ఉంటుంది.

అన్నంభట్టు జ్ఞానాన్ని రెండుగా విడదీస్తాడు: అనుభవం, స్మృతి. అనుభవం మనసులో ఒక ముద్ర వేస్తుంది, దానికి సంస్కారమని పేరు. కేవలం ఆ ముద్ర నుంచి పుట్టేది స్మృతి. మరి ఎదురుగా ఒక వస్తువు పెట్టుకుని, ఇది ఆనాటిదే అని గుర్తుపట్టడం ఏమిటి? అది స్మృతి ఒక్కటే కాదు. కన్ను చూస్తోంది, సంస్కారం కలుస్తోంది. దాన్ని ప్రత్యభిజ్ఞ అంటారు. ఆనాడు చూసిన దేవదత్తుడే వీడు అని శాస్త్రాల్లో ఉదాహరణ. స్క్రాప్‌బుక్ తెరిచినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. పాత బస్సు టికెట్టుకి ఏమీ గుర్తుండదు. గుర్తుండేది నాకు. టికెట్టు కంటి వంతు పని చేస్తుంది, మిగతా సగం నేను పెట్టాలి.

బౌద్ధులు దీన్ని ఒప్పుకోలేదు. ప్రతిదీ క్షణికం అయినప్పుడు ‘అదే ఇది’ అనడం ఎలా కుదురుతుందన్నారు. గోరు కత్తిరిస్తే మళ్ళీ పెరుగుతుంది, అదే గోరు అనుకుంటాం. దీపం రాత్రంతా వెలుగుతుంది, అదే జ్వాల అనుకుంటాం. నువ్వు గుర్తుపట్టానంటున్నదీ అటువంటి పొరపాటే అన్నారు. క్లాసులో ఈ వాదం చెప్పేటప్పుడు పిల్లలెప్పుడూ బౌద్ధుల వైపే ఉండేవారు. నైయాయికుడి, అంటే అన్నంభట్టు పక్షపు తార్కికుడి, జవాబు చప్పగా ఉంటుంది గాని గట్టిది: ఒకడు చూసింది మరొకడికి గుర్తురావడం లోకంలో లేదు. కాబట్టి చూసినవాడూ గుర్తుచేసుకునేవాడూ ఒక్కడే అయ్యుండాలి.

ఈ మధ్య ఇదే ప్రశ్న ఫోను అడిగింది. పాత ఫోటోలు స్కాన్ చేసి అందులోకి ఎక్కించాక, అది ముఖాల్ని వేరు చేసుకుని, రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఈ ఇద్దరూ ఒకరేనా వేర్వేరా అంది. ఒకవైపు నడివయసులో అమ్మ, మరోవైపు శాలువాతో నా రిటైర్‌మెంటు ఫోటో. వేర్వేరు అని నొక్కాను. తర్వాత పరికిణీలో ఉన్న నన్నూ ఇప్పటి నన్నూ చూపించి మళ్ళీ అదే అడిగింది. ఒకరే అని నొక్కాను. నాగార్జునకొండ విహారాల్లో చదువుకున్నవాడెవడైనా నా పక్కన ఉంటే ఆ వేలు పట్టుకుని ఆపేవాడు. అమ్మ విషయంలో వేరు అన్నదానివి ఇక్కడ ఒకరే అంటావేం, ఆ పరికిణీ పిల్లతో పోలిస్తే మీ అమ్మే నీకు దగ్గర పోలిక కదా అనేవాడు. నా దగ్గరున్న సమాధానం ఒక్కటే. ఆ పిల్ల కాళ్ళ కింద ఇసక కాలింది నాకు గుర్తుంది. అమ్మకి ఏం కాలిందో నాకు తెలీదు.

ఆ పరికిణీ ఫోటో 1979 గోదావరి పుష్కరాలప్పటిది. రాజమండ్రి రేవులో స్టూడియో అతను తీసిన నలుపు తెలుపు ఫోటో. వెనక హేవలాక్ వంతెన స్తంభాలు, అప్పటికి దాని మీద రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి, 1997లో ఆగాయి. ముందు వరసలో నేనూ తమ్ముడూ. వెనక అమ్మ, నాన్న, పిన్ని. నా వెనక ఒక మనిషి. ఆ మనిషికి తల లేదు. తల ఉండాల్సిన చోట నీటుగా, నలుపలకలుగా ఒక కన్నం. నా భుజం మీద చెయ్యి మాత్రం ఉంది.

అది మా మామయ్య. అమ్మకి సొంత తమ్ముడు. తాతగారి పొలం పంపకాల్లో మాటలు పెరిగి, పుష్కరాల తర్వాత ఏనాడో అమ్మ కత్తెర తీసింది. చెయ్యి కూడా కోస్తే నా భుజం పోతుందని కాబోలు, అంతవరకు వదిలేసింది.

ఈ ఫోటో పుస్తకంలో అతికించాలా? అతికిస్తే కింద ఏం రాయాలి?

నైయాయికుల లెక్కలో పదార్థాలు, అంటే లోకంలో ఉన్నవాటి వర్గాలు, ఏడు. ఏడోది అభావం, అంటే లేకపోవడం. వాళ్ళు దాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కపెట్టారు. నేల మీద కుండ లేకపోవడం కూడా కంటికి తెలిసే విషయమే అంటారు. కాకపోతే ఒక షరతు. లేనిది ఏదో తెలిసి ఉండాలి. కుండ అంటే ఎరగనివాడికి వట్టి నేలే కనపడుతుంది, కుండ లేకపోవడం కనపడదు. లేని ఆ వస్తువుని ప్రతియోగి అంటారు. ఇంటర్ చదివే మా మనవరాలు ఆ ఫోటో చూసి, ‘‘అమ్మమ్మా, దీన్ని ఎలుక కొట్టిందా?’’ అంది. ఇద్దరం ఒకే ఫోటో చూశాం. దానికి కన్నం కనపడింది, నాకు మామయ్య లేకపోవడం కనపడింది.

కత్తెరతో మతగ్రంథాన్నే సరిచేసుకున్న ఒక పెద్దమనిషి కథ ఇక్కడ చెప్పాలి. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్. గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల కొత్త నిబంధన ప్రతులు తెప్పించుకుని, తనకి నచ్చిన వాక్యాల్ని వాడి కత్తితో కోసి, నాలుగు భాషలూ పక్కపక్కన వచ్చేలా కాగితాల మీద అంటించుకున్నాడు. కాగితానికి రెండు వైపులా అచ్చు ఉంటుంది కాబట్టి ఏ పుస్తకమైనా రెండేసి ప్రతులు కావలసి వచ్చాయి. 1820లో, డెబ్భై ఏడేళ్ళ వయసులో పని ముగించాడు. క్రీస్తు బోధలు ఉంచాడు. అద్భుతాలు తీసేశాడు, పునరుత్థానం తీసేశాడు. సమాధికి రాయి అడ్డుపెట్టి వెళ్ళిపోవడంతో ఆయన పుస్తకం అయిపోతుంది. బతికినన్నాళ్ళూ అచ్చువేయించలేదు. 1895లో స్మిత్‌సోనియన్ సంస్థ ఆయన మునిమనవరాలి దగ్గర దాన్ని కొన్నది. అంతకన్నా నన్ను ఆకట్టుకున్న సంగతి, ఆయన కోసిన ఇంగ్లీషు ప్రతులు కూడా దొరికాయి. కిటికీల్లా కన్నాలున్న పేజీలు. ఆయన ఏది నమ్మాడో అంటించిన పుస్తకం చెబుతుంది. ఏది నమ్మలేదో చూడాలంటే ఆ కన్నాల చుట్టూ మిగిలింది చదవాలి.

అంతకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే, 1630ల్లో, ఇంగ్లండులోని లిటిల్ గిడ్డింగ్ అనే చోట ఫెరార్ కుటుంబం ఆడవాళ్ళు కూడా సువార్తలు కత్తిరించి అతికించారు. వాళ్ళ ఉద్దేశం వేరు. నాలుగు సువార్తల్నీ ఒకే కథగా కలపాలని. అది చూసి మొదటి చార్లెస్ రాజు తనకీ ఒకటి చేయించుకున్నాడు. కత్తెర ఒకటే. వీళ్ళది కలుపుకునే కత్తెర, ఆయనది వదులుకునే కత్తెర. మా అమ్మది జెఫర్సన్ బాపతు. పునరుత్థానాన్ని తీసేసినంత శ్రద్ధగానూ తమ్ముణ్ణి తీసేసింది.

అందుకే నా పెన్సిలు. నేను చూసింది మనవరాలికి గుర్తురాదు, అది నైయాయికుడే తేల్చాడు. ఎంత అందంగా అతికించినా నా స్మృతి ఆ పిల్లకి స్మృతిగా అందదు. అందాలంటే ఒక్కటే దారి, శబ్దం. అంటే మాట. ఆప్తుడి వాక్యం ప్రమాణం అన్నాడు అన్నంభట్టు. ఆప్తుడంటే చుట్టం అని కాదు ఆయన అర్థం, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. ఫోటో కింద రాసే రెండు ముక్కల దగ్గర నాకు ఆ పదవి వస్తుంది. ‘మధుర జ్ఞాపకాలు’ అని మెరుపు అక్షరాలు అంటిస్తే ఆ పదవి పోయినట్టే.

మన కర్మకాండ కూడా ముఖాల మీద కాదు, మాట మీదే నడుస్తుంది. తర్పణంలో మూడు తరాల పేర్లు, గోత్రం చెబుతారు. ముత్తాత ఎలా ఉండేవాడో ఎవరూ అడగరు. ఫోటో లేని కాలంలో మాటే అన్నిటినీ మోసింది. ఫోటోలు వచ్చాక, బొమ్మ ఉంది కదా అని మాట మానేశాం. అందుకే ఆల్బమ్ నిండా ఎవరో తెలియని చుట్టాలు.

ఇక ఆ పుష్కరాల ఫోటో కింద నేను రాసింది ఇది: ‘‘రాజమండ్రి, 1979 పుష్కరాలు. నా వెనక నిలబడింది మా మామయ్య. పొలం తగాదాలో అమ్మ ఆయన ముఖం కత్తిరించింది. నా భుజం మీది చెయ్యి ఆయనది.’’ చచ్చిపోయిన తల్లి తగాదా పిల్లలకి చెప్పడం ఏమిటని చెల్లెలు ఫోనులో కోప్పడింది. నిజం చెప్పు గాని నొప్పించేలా చెప్పకు అనే పెద్దల మాట గుర్తుచేసింది. ఆ మాట నేను కాదనను. కానీ అప్రియం అనిపిస్తే అసలు ఆ ఫోటో అతికించకుండా వదిలెయ్యొచ్చు. అతికించాక కింద అబద్ధం రాయకూడదు.

అతికించడం గురించి కొంచెం. వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ ఎక్కువ, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. కాబట్టి కత్తిరింపుని అలాగే ఫోటో పక్కన పెట్టకూడదు, మంచి కాగితం మీద నకలు తీయించి నకలు పెట్టాలి. ఆమ్లం లేని కాగితం అని అడిగి తీసుకోవాలి. ప్లాస్టిక్ పొర లేపి జిగురు పేజీ మీద ఫోటో పెట్టే ఆల్బమ్‌లు మా కాలంలో గొప్ప ఫ్యాషన్. ఆ జిగురు ఫోటోని వదలదు, పీకితే ఫోటో చిరుగుతుంది. సెల్లోటేపు ముట్టుకోవద్దు. బైండింగుకి మా ఊళ్ళో వాడే మైలుతుత్తం కలిపిన మైదా జిగురు పురుగుని ఆపుతుంది నిజమే, ఫోటో జోలికి మాత్రం దాన్ని రానివ్వకూడదు. అన్నిటికన్నా మేలు, కాగితపు మూలలు. నాలుగు మూలలు పేజీకి అంటించి ఫోటో అందులో దోపితే, రేపు ఎవరైనా తీసి వెనక రాసింది చదువుకోవచ్చు.

కంప్యూటరు పని మనవరాలు నేర్పింది. చిన్న ఫోటోలు అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే పెద్దది చేసుకున్నా పనికొస్తాయి. రెండు వైపులా స్కాన్ చెయ్యాలి, వెనక స్టూడియో ముద్ర, రాత ఉంటాయి కదా. ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెడితే వాటంతట అవే వరసలో కూర్చుంటాయి. స్కాన్ చేసిన రోజునే ఫోటో తేదీగా ఫోను రాసుకుంటుంది. సరిచేయకపోతే 1979 పుష్కరం మొన్న జరిగినట్టు చూపిస్తుంది. మెసేజీలో ఫోటోగా పంపితే బరువు తగ్గించేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి అవతల. ఫోటో కింద మాట బొమ్మతోపాటు పేజీలోనే ఉండాలి, విడిగా నింపే గడిలో రాస్తే చేతులు మారేటప్పుడు రాలిపోతుంది.

స్కాన్ చేశాక కాగితం ఎందుకని అడిగేవాళ్ళుంటారు. ఫైలు ఎన్ని చోట్ల తెరిచినా అదే కదా? ఇది కూడా పాత తగాదాయే. ఇప్పుడు పలికిన ‘గ’ నిన్న పలికిన ‘గ’ ఒకటేనా అని, వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులూ నైయాయికులూ తలపడ్డారు. అక్షరం నిత్యం, పలికినప్పుడల్లా అదే బయటపడుతుందని మీమాంసకులు. కాదు, ప్రతిసారీ కొత్తది పుట్టి పోతుంది, ఒకే జాతి కాబట్టి అదే అనిపిస్తుంది, దీపజ్వాల లాగే, అని నైయాయికులు. చూశారా, బౌద్ధుడి దీపాన్ని వీళ్ళే ఇక్కడ వాడుకున్నారు. డిజిటల్ ఫైలు మీమాంసకుడికి దొరికిన వరం. శుభలేఖ మూలన అమ్మ వేలి పసుపు మరక మటుకు నైయాయికుడి పక్షం. అది ఒక్కటే ఉంది, రెండోది పుట్టదు.

పేచీ వచ్చింది పుష్కరాల ఫోటో దగ్గరే. ఒక సాయంత్రం మనవరాలు సంబరంగా ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. ఫోటోలో కన్నం లేదు. తల ఉండాల్సిన చోట గోదావరి, అలలతో సహా. మెడ వరకు ఉన్న మనిషిని కూడా యంత్రమే తుడిచేసి వెనక వంతెన స్తంభం ఒకటి కొత్తగా నిలబెట్టింది. ‘‘బావుంది కదా అమ్మమ్మా?’’

బావుంది. అదే నాకు భయమేసింది. అమ్మ కత్తెర మనిషిని తీసింది గాని, తీశానని చెబుతూ కన్నం వదిలింది. జెఫర్సన్ పేజీలూ అంతే. ఈ యంత్రం లేకపోవడాన్నే లేకుండా చేసింది. ఉన్నది పోతే అభావం మిగులుతుంది. అభావం కూడా పోతే మిగిలేది భ్రమ, ముత్యపుచిప్పలో వెండి కనపడినట్టు. నా భుజం మీద చెయ్యి లేదేమని చూస్తే, దానికి బదులు జాకెట్టు పువ్వులు ఇంకో రెండు పూశాయి. ఆ బొమ్మ దాచుకోవద్దని నేను అనలేదు. దాని పేరులో ‘యంత్రం నింపినది’ అని చేర్చమన్నాను, పుస్తకంలోకి రానివ్వనన్నాను. ‘‘నువ్వు మరీ చాదస్తం’’ అంది. తర్కం చదివినవాళ్ళకి అది కొత్త బిరుదు కాదు.

చాదస్తం వల్ల ఒక లాభం కలిగింది. కింద రాసిన మాటతో సహా పుష్కరాల ఫోటో పేజీని విశాఖలో ఉన్న మామయ్య కొడుక్కి పంపాను. మా బావ చాలాసేపు ఏమీ అనలేదు. రాత్రికి ఒక ఫైలు పంపాడు. స్టూడియో అతను ఆనాడు వాళ్ళకీ ఒక ప్రతి ఇచ్చాడట. అందులో మామయ్య ఉన్నాడు, జుట్టు నుంచి నీళ్ళు కారుతూ, ఎండకి కళ్ళు చికిలించి.

మనవరాలి లెక్కలో సమస్య తీరిపోయింది. మంచి ప్రతి దొరికింది కాబట్టి చిరిగినది తీసేసి ఇది పెడదాం అంది. నేను ఒప్పుకోలేదు. నాశనం వల్ల కలిగే అభావానికి ప్రధ్వంసాభావమని పేరు. దానికి మొదలుంది, తుది లేదు. పగిలిన కుండకి బదులు అచ్చం అలాంటిదే ఇంకోటి చేసినా, మొదటిది పగలడం పగలడంగానే ఉంటుంది. బావ పంపినది 1979లో ఏం జరిగిందో చెబుతుంది. అమ్మ ప్రతి ఆ తర్వాత ఏం జరిగిందో చెబుతుంది. రెండూ ఎదురెదురు పేజీల్లో పెట్టాను, ఏది ఎవరింటిదో కింద రాశాను.

పిల్ల ఊరుకోలేదు. ‘‘అమ్మమ్మా, డిలీట్ చేసిన ఫోటో కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉంటుంది, తిరిగి తెచ్చుకోవచ్చు. మరి ఆ అభావానికి తుది ఉన్నట్టేగా?’’ అంది. అది నాశనం కాదమ్మా, మరుగున పడటం. వస్తువు ఎక్కడికీ పోదు, మరుగుపడుతుంది, మళ్ళీ బయటపడుతుంది అనేవాళ్ళు సాంఖ్యులు, వాళ్ళ దారి వేరు అన్నాను. సాంఖ్యం ఎన్ని పేజీలుంటుందని అడిగింది. వాళ్ళ పుస్తకం సాంఖ్యకారిక, డెబ్భై చిల్లర శ్లోకాలే అన్నాను. పరీక్షలయ్యాక చూద్దాంలే అంది.